సీటు మనది, ఓటెవరిది?

(దళిత కార్యకర్తల రెండు రోజుల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. మధ్యలో వచ్చిన ప్రశ్నలను చాలావరకు వదిలేసి, వాటికి చెప్పిన జవాబులను ప్రసంగంలోనే కలిపాం.)



నాకిచ్చిన అంశం ఎన్నికల విధానం. పొద్దున్నుంచీ భూమి గురించి, కేసుల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడీ ఓట్ల లెక్కల గొడవేమిటని కొందరికి అనిపించవచ్చు. పట్టా ఎవరి పేరు మీద ఎక్కాలో, ఎస్.ఐ. ఎవరి ఫోనుకు లేచి నిలబడాలో తేల్చేది ఈ లెక్కలే. అందుకని కాస్త ఓపిక పట్టండి.

ముందు మన చేతిలో ఉన్నదేమిటో చూద్దాం. 2008 పునర్విభజన ప్రకారం లోక్‌సభలోని 543 సీట్లలో 84 ఎస్సీలకు, 47 ఎస్టీలకు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175 సీట్లకు 29 ఎస్సీ, 7 ఎస్టీ. తెలంగాణలో 119కి 19 ఎస్సీ, 12 ఎస్టీ. జనాభాతో పోల్చితే పెద్ద తేడా లేదు. అగ్రకులాల వాళ్ళు ఈ అంకెలే చూపించి ఇంకేం కావాలయ్యా మీకు అంటారు.

1985 జూలైలో కారంచేడులో మాదిగలను వెంటాడి చంపారు. 1991 ఆగస్టులో చుండూరులో మాలలను నరికి గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ రెండుసార్లూ మన అసెంబ్లీలో 39 మంది ఎస్సీ రిజర్వుడు సభ్యులున్నారు. ముప్పైతొమ్మిది మంది ఒక్క మాట మీద లేచి బయటికి నడిస్తే ఏ ప్రభుత్వానికైనా వణుకు పుట్టదా? అలా జరగలేదు. వాళ్ళంతా చెడ్డవాళ్ళా? నేననుకోను. వాళ్ళలో మంచివాళ్ళున్నారు, చదువుకున్నవాళ్ళున్నారు, మన పల్లెల్లో గంజి తాగి పెరిగినవాళ్ళున్నారు. వాళ్ళను నాలుగు తిట్లు తిట్టి చల్లబడితే జబ్బెక్కడుందో మనకు తెలియదు.

జబ్బు లెక్కలో ఉంది. ఒక రిజర్వుడు నియోజకవర్గం తీసుకోండి. వంద ఓట్లనుకుందాం. మనవి ఇరవయ్యో పాతికో. కొన్నిచోట్ల ముప్పై దాటవచ్చు, సగం మాత్రం ఎక్కడా లేవు మన రాష్ట్రాల్లో. నిలబడ్డ అయిదుగురూ మనవాళ్ళే, ఎందుకంటే వేరేవాళ్ళు నిలబడడానికి చట్టం ఒప్పుకోదు. గెలిపించేదెవరు? మిగతా డెబ్బయ్యయిదు. మన పాతిక ఓట్లూ చీలకుండా ఒక గట్టి మనిషికి పడ్డాయనే అనుకోండి. వీడు మన మాట వింటాడు అని ఊరి పెద్దలు అనుకున్నవాడికి నలభై పడితే చాలు, మన మనిషి ఇంటికి పోతాడు. అందుకే టికెట్లు పంచేటప్పుడు పల్లెలో ఇతనికి బలముందా అని ఏ పార్టీ అడగదు. ఊళ్ళో ఇతనంటే ఎవరికీ ఇబ్బంది లేదుగదా అని అడుగుతుంది.

సర్పంచ్ పదవి మనకు రిజర్వు అయిన ఊళ్ళో ఇది మీరంతా చూసిందే. ఎవరిని నిలబెట్టాలో ఎవరి అరుగు మీద తేలుతుంది? ఏకగ్రీవం అంటే ప్రభుత్వం డబ్బులు కూడా ఇస్తుంది. ఆ ఏకగ్రీవంలో పల్లె గొంతు ఎంత? కాదని నిలబడితే ఏమవుతుందో తమిళనాడులో మేలవళవు చెప్పింది. రిజర్వు అయిన పంచాయతీకి అధ్యక్షుడుగా గెలిచిన మురుగేశన్‌ను 1997 జూన్‌లో నరికి చంపారు.

ఇదంతా బాబాసాహెబ్‌కు 1932కు ముందే తెలుసు. ఆయన రౌండ్ టేబుల్ సమావేశాల్లో కొట్లాడి సాధించింది వట్టి సీట్లు కాదు. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని ప్రకటించిన కమ్యూనల్ అవార్డులో అణగారిన వర్గాలకు రాష్ట్ర సభల్లో 71 సీట్లు. ఆ సీట్లకు నిలబడేవాళ్ళూ మనవాళ్ళే, ఓటేసేవాళ్ళూ మనవాళ్ళే. దాంతోపాటు మామూలు నియోజకవర్గంలో అందరితో కలిసి వేసే రెండో ఓటు కూడా మనకుంది. ఈ రెండో ఓటు సంగతి చాలామంది మరిచిపోతారు. మనల్ని వేరు చేశారు, విడదీశారు అంటారు. మొదటి ఓటుతో మన మనిషిని మనం ఎన్నుకుంటాం. రెండో ఓటు కోసం ఊరి నాయకుడు మన పల్లెకు రాక తప్పదు. ఇంతకంటే తెలివైన ఏర్పాటు దళితులకు ఆ తర్వాత ఎవరూ ఇవ్వలేదు.

సెప్టెంబర్ 20న ఎరవాడ జైల్లో గాంధీ నిరాహారదీక్షకు కూచున్నాడు. 24న పూనా ఒడంబడిక. సీట్లు 71 నుంచి 148 అయ్యాయి, అందులో మద్రాసు రాష్ట్రానికి 30. సీట్లు రెట్టింపయ్యాయి గదా, నష్టమేమిటని అడిగేవాళ్ళున్నారు. సీట్లు పెరిగాయి, ఓటు పోయింది. ముందు మనవాళ్ళు మాత్రమే ఓటేసి నలుగురిని ఎంపిక చెయ్యాలి, తర్వాత ఆ నలుగురిలో ఒకణ్ణి అందరూ కలిసి గెలిపించాలి అన్నారు. నలుగురిలో మన ఓట్లు అందరికంటే ఎక్కువ తెచ్చుకున్నవాడే గెలవాలని లేదు. నాలుగోవాడు గెలవొచ్చు.

దాని ఫలితం ఆరేళ్ళలో కనిపించింది. ఎం.సి. రాజా అని మద్రాసు దళిత నాయకుడు. 1932లో ఆయన అంబేడ్కర్ పక్షాన లేడు, ఉమ్మడి ఎన్నికలే మేలన్నాడు. 1938లో ఆయనే మద్రాసు అసెంబ్లీలో మలబారు దళితులకు గుడి ప్రవేశం కోసం బిల్లు పెట్టాడు. రాజగోపాలాచారి ప్రభుత్వం వద్దంది. కాంగ్రెస్ టికెట్ల మీద వచ్చిన దళిత సభ్యులు పార్టీ మాట దాటలేకపోయారు. బిల్లు పడిపోయింది. రాజా తన బాధ గాంధీకి ఉత్తరం రాసి చెప్పుకున్నాడు. గాంధీ జవాబు, రాజగోపాలాచారిని నమ్మమని.

మన కర్నూలు జిల్లా మనిషి పేరొకటి ఇక్కడ చెప్పాలి. ఎస్. నాగప్ప, రాజ్యాంగ సభ సభ్యుడు. 1947 ఆగస్టులో ఆయన ఒక సవరణ పెట్టాడు. రిజర్వుడు సీటులో గెలిచానని చెప్పుకోవాలంటే, పోలైన దళితుల ఓట్లలో కనీసం 35 శాతం ఆ అభ్యర్థికి వచ్చి ఉండాలి అని. వేరే నియోజకవర్గాలు అడగలేదు, అదనపు సీట్లు అడగలేదు. నా జనంలో మూడోవంతు నన్ను ఒప్పుకున్నారని చూపించు, అప్పుడు నా ప్రతినిధివి అన్నాడు. సర్దార్ పటేల్ దానికి ఒప్పుకోలేదు, నాగప్ప వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మన ఊళ్ళల్లో ఎందరికి తెలుసు ఈయన పేరు? పాఠ్యపుస్తకంలో లేదు. మన పాటల్లోకైనా రావాలి.

కాన్షీరామ్ 1982లో, పూనా ఒడంబడికకు యాభయ్యేళ్ళు నిండిన సెప్టెంబర్ 24నే, చంచా యుగం మీద పుస్తకం తెచ్చాడు. చంచా పుట్టుకతో చంచా కాదు, ఉమ్మడి ఓటు అతణ్ణి అలా తయారు చేస్తుంది అన్నది దాని సారం.

బాబాసాహెబ్ సొంత అనుభవం చూడండి. 1952 మొదటి సాధారణ ఎన్నికల్లో బొంబాయిలో రాజ్యాంగం రాసిన మనిషి కజ్రోల్కర్ అనే కాంగ్రెస్ అభ్యర్థి చేతిలో దాదాపు 14,500 ఓట్ల తేడాతో ఓడిపోయాడు. 1954లో భండారా ఉపఎన్నికలోనూ ఓడిపోయాడు. మరి ఆయన రాజ్యాంగ సభలోకి ఎలా వచ్చాడు? 1946లో బెంగాల్ నుంచి. జోగేంద్రనాథ్ మండల్, మరికొందరు దళిత శాసనసభ్యులు తమ మొదటి ప్రాధాన్యత ఓట్లు వేసి పంపారు. అంత తక్కువమంది ఒకణ్ణి ఎలా పంపగలిగారు? అక్కడ ఎన్నిక దామాషా పద్ధతిలో జరిగింది కాబట్టి. 1952లో లోక్‌సభకు ఓడిన ఆయన రాజ్యసభకు వెళ్ళిందీ ఆ పద్ధతిలోనే. ఈ సంగతి కాగితం మీద రాసుకోండి. ఎక్కువ ఓట్లొచ్చినవాడిదే సీటు అన్న పద్ధతి అంబేడ్కర్‌ను రెండుసార్లు బయటికి తోసింది. దామాషా పద్ధతి రెండుసార్లు లోపలికి తెచ్చింది.

దామాషా అంటే ఏమిటి? ఒక ఊళ్ళో వెయ్యి ఓట్లు, పది వార్డులు. పల్లె ఓట్లు 250. వార్డుల గీతలు ఊరివాళ్ళకు అనుకూలంగా గీస్తే పల్లెకు రెండు వార్డులు రావచ్చు, ఒక్కటే రావచ్చు, ఒక్కటీ రాకపోవచ్చు. గీతలన్నీ చెరిపేసి, ఊరంతా ఒకటే, వంద మంది ఎవరి వెనక నిలబడితే వాళ్ళు మెంబరు అన్నామనుకోండి. పల్లెకు ఇద్దరు ఖాయం, ఊళ్ళో చాకలి, మంగలి, వడ్డెర వాళ్ళతో కలిస్తే మూడోవాడు కూడా. ఎవడి అరుగూ తొక్కనక్కర్లేదు, ఎవడూ మన తరఫున మన మనిషిని ఏరనక్కర్లేదు. ఇంతే దామాషా. మిగతావన్నీ లెక్క కట్టే తీరులో తేడాలు.

ఇదేదో విదేశీ వింత కాదు. మన ఎమ్మెల్యేలు రాజ్యసభకు ఓటేసేది ఇలాగే. ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది మూడు సీట్లు నింపాలంటే 44 మంది వెనక ఉన్నవాడు గెలుస్తాడు. ఎక్కువమంది ఉన్న పార్టీ మూడూ ఊడ్చుకుపోకుండా ఈ ఏర్పాటు. రాష్ట్రపతి ఎన్నికకూ రాజ్యాంగం ఈ పేరే చెప్పింది. పెద్దమనుషులు వాళ్ళలో వాళ్ళు పంచుకునేటప్పుడు ఎవరి వాటా వాళ్ళకి. కూలి జనం ఓటేసేటప్పుడు గెలిచినవాడికి అంతా, ఓడినవాడికి సున్నా!

ఆ సున్నా ఎంత పెద్దదో చూడండి. 2014 లోక్‌సభ ఎన్నికల్లో బహుజన్ సమాజ్ పార్టీకి 2 కోట్ల 29 లక్షల ఓట్లు వచ్చాయి. దేశం మొత్తం మీద ఓట్లలో మూడో స్థానం, 4.2 శాతం. సీట్లు? ఒక్కటి లేదు. అదే ఎన్నికలో 3.3 శాతం వచ్చిన అన్నా డి.ఎం.కె.కు 37. వాళ్ళ ఓట్లు ఒక్క రాష్ట్రంలో కుప్పగా ఉన్నాయి, మనవి దేశమంతా చెల్లాచెదురు. దళితులం ప్రతి ఊళ్ళో ఉన్నాం, ఏ ఊళ్ళోనూ ఎక్కువగా లేము. ఈ పద్ధతి సరిగ్గా అలాంటి జనాన్నే మింగేస్తుంది. దామాషా ఉండి ఉంటే ఆ ఓట్లకు ఇరవైకి పైగా సీట్లు.

న్యాయంగా చెప్పాలంటే ఈ పద్ధతి మనవాళ్ళకూ ఒకసారి కలిసొచ్చింది. 2007లో ఉత్తరప్రదేశ్‌లో 30 శాతం ఓట్లతో బి.ఎస్.పి.కి 403లో 206 సీట్లు వచ్చాయి. 2014కల్లా అదే రాష్ట్రంలో దాదాపు 20 శాతం ఓట్లకు 80 లోక్‌సభ సీట్లలో ఒక్కటీ దక్కలేదు. మన రాష్ట్రంలోనూ అంతే. 2019లో తెలుగుదేశానికి 39 శాతానికి 23 సీట్లు, 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు అదే 39 శాతానికి 11. అగ్రకుల పార్టీలకు ఇది చీట్లపేక, ఈ ఆటలో పోతే వచ్చే ఆటలో వస్తుంది. మనకు పెట్టుబడే లేదు, ఎన్ని ఆటలు ఆడగలం?

ఇంకో చరిత్ర. 1952, 1957 ఎన్నికల్లో చాలాచోట్ల ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలుండేవి, ఒకటి జనరల్, ఒకటి రిజర్వుడు. 1957లో పార్వతీపురంలో వి.వి. గిరి పోటీ చేశాడు, తర్వాత రాష్ట్రపతి అయిన ఆయనే. గిరిజన అభ్యర్థులిద్దరు ఆయనకంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకొని రెండు సీట్లూ గెలిచారు. గిరి కోర్టుకెళ్ళాడు. 1959లో సుప్రీంకోర్టు గిరిజనుడు జనరల్ సీటు కూడా గెలవొచ్చు, తప్పులేదంది. 1961లో ఆ ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలనే రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. నియోజకవర్గాలు మరీ పెద్దవి, ఖర్చెక్కువ అన్న కారణాలూ ఉన్నాయి, కాదనను. సంవత్సరాల వరస మాత్రం గుర్తు పెట్టుకోండి. పద్ధతి మార్చడం కష్టం అని మనకు చెప్పేవాళ్ళు, తమకు అవసరమైనప్పుడు రెండేళ్ళలో మార్చారు.

అయితే 1949 జనవరిలో రాజ్యాంగ సభలో కాజీ సయ్యద్ కరీముద్దీన్ దామాషా అడిగితే వద్దన్నది బాబాసాహెబే. దాచిపెట్టి మాట్లాడితే మన కార్యకర్తను రచ్చబండ మీద ఎవడో ఒకడు ఇరికిస్తాడు. ఆయన చెప్పిన కారణాలు ముఖ్యంగా రెండు. మన జనానికి చదువు లేదు, ఈ ఓటు చిక్కైంది అన్నది ఒకటి. పార్టీలు ముక్కలై ప్రభుత్వాలు నిలవవన్నది రెండోది. అప్పుడు నూటికి 18 మందికే అక్షరం వచ్చు, ఆ మాట అప్పటికి నిజం. ఇవాళ మన అమ్మలు ఒకే రోజు ఒక మిషన్ మీద ఎమ్మెల్యేకు, పక్క మిషన్ మీద ఎంపీకి ఓటేసి వస్తున్నారు. ఒకటి మనిషికి, ఒకటి పార్టీకి వెయ్యమంటే వెయ్యలేరా? ఇక నిలకడ సంగతి. కారంచేడు నాటికి ప్రభుత్వానికి 200 పైగా సీట్ల మెజారిటీ. అంత నిలకడ మనకేం ఒరగబెట్టింది? బాబాసాహెబ్ వాదనలను ఆయన కాలం లెక్కల్లో పెట్టి చూడాలి. ఆయనా అలాగే చూసేవాడు.

మన పక్కనే నేపాల్ ఉంది. అక్కడ 1991 ఎన్నికల్లో దిగువ సభకు గెలిచిన దళితుడు ఒక్కడు. 1994లో, 1999లో ఒక్కరూ లేరు. 2008లో రాజ్యాంగ సభకు ఎక్కువ సీట్లు దామాషా జాబితాల ద్వారా నింపారు. యాభై మంది దళితులు వచ్చారు. అందులో నేరుగా గెలిచినవాళ్ళు ఏడుగురు, జాబితాల మీద వచ్చినవాళ్ళు 43. 2015 రాజ్యాంగం 275లో జాబితా సీట్లను 110కి తగ్గించి, 165 నేరు ఎన్నికకు వదిలింది. 2022లో నేరుగా గెలిచిన దళితుడు మళ్ళీ ఒక్కడే.

కానీ నేపాల్‌ను చూసి మురిసిపోవద్దు. ఆ జాబితా రాసే చెయ్యి ఎవరిది? పార్టీ పెద్దలది. జాబితాలో పేరెక్కాలంటే మళ్ళీ ఒక అరుగు ముందు నిలబడాలి, ఈసారి అది ఊళ్ళో కాకుండా రాజధానిలో ఉంటుంది. మూసిన జాబితా అయితే కొత్తరకం చంచాలు పుడతారు. పార్టీ ఇచ్చిన జాబితాలో ఏ పేరుకు నా ఓటో నేనే గుర్తు పెట్టే తెరిచిన జాబితా కావాలి.

ఇంకో ఉచ్చు ఉంది. 1999లో జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి అధ్యక్షతన లా కమిషన్ తన 170వ నివేదికలో, ఉన్న లోక్‌సభ సీట్లకు మరో పాతిక శాతం చేర్చి వాటిని దామాషా జాబితాలతో నింపమంది. మంచిదే. ఆ చేత్తోనే 5 శాతం ఓట్లు రాని పార్టీకి సీటే వద్దంది. 2014లో మన 2 కోట్ల 29 లక్షల ఓట్లు ఎంత శాతం? 4.2. అంటే తలుపు తెరిచి గడపను మన మోకాలి ఎత్తుకు లేపడం. దామాషా అనగానే చప్పట్లు కొట్టకుండా గడప ఎంతెత్తో అడగాలి.

మళ్ళీ ప్రత్యేక నియోజకవర్గాలే అడుగుదామని మన యువకులు కొందరంటున్నారు. 1932లో పోయింది హక్కే, అడగడం తప్పు కాదు. నా అభిప్రాయం వేరు. అది అడిగితే చర్చంతా దేశాన్ని చీలుస్తున్నారన్న మాట దగ్గరే ఆగిపోతుంది, మనం ఒంటరిగా మిగులుతాం. దామాషా అడిగితే బీసీల్లో ఎన్నడూ అసెంబ్లీ గడప తొక్కని కులాలు, ముస్లింలు, చిన్న పార్టీలు మన పక్కన నిలబడే కారణం ఉంది. మన లోపల కూడా చూసుకోవాలి. రెల్లి, డక్కలి, బుడగ జంగం, మాస్టిన్ వాళ్ళలో ఎందరు రిజర్వుడు సీట్లలో గెలిచారు? మాల మాదిగ అన్నలు ఈ ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి. తెరిచిన జాబితాలో జిల్లాలన్నిట్లో చెదిరి ఉన్న రెల్లి ఓట్లు ఒక పేరు కింద చేరగలవు. ఒక్కో నియోజకవర్గంలో అవి ఎన్నటికీ చేరవు.

రిజర్వుడు సీట్లను దీనికి బదులుగా వదులుకోమని బేరం రావచ్చు. 104వ సవరణ వాటిని 2030 జనవరి దాకా పొడిగించింది, ఆ గడువు దగ్గర పడేకొద్దీ బేరాలు ఎక్కువవుతాయి. ఒప్పుకోవద్దు. ఉన్న సీట్లు ఉండాలి, దామాషా సీట్లు వాటిపైన రావాలి. 2023లో 106వ సవరణ మహిళల మూడోవంతు కోటాను జనగణనకూ పునర్విభజనకూ ముడిపెట్టింది. నియోజకవర్గాల గీతలు తిరగరాసే సమయంలోనే పద్ధతి మాట ఎత్తాలి. గీతలు ఆరాక ఎత్తితే వినేవాడుండడు. నాగప్ప అడిగిన 35 శాతం షరతు కూడా మన డిమాండ్లలో ఉండాలా అని నిన్న ఒక అక్క అడిగింది. దళితుల ఓట్లు విడిగా లెక్కపెట్టందే అది కుదరదు, విడిగా లెక్కపెడితే ఓటు రహస్యం పోతుంది. దీని మీద నేనింకా ఒక తీర్మానానికి రాలేదు. మీరు చర్చించండి.

చివరిగా ఒక పని. ప్రతి ఎన్నిక తర్వాత రిటర్నింగ్ అధికారి ఫారం 20 అని ఒక పట్టిక తయారు చేస్తాడు. అందులో ఏ బూత్‌లో ఎవరికెన్ని ఓట్లో ఉంటుంది. చాలాచోట్ల మన పల్లెకు విడి బూత్ ఉంది. మీ మీ రిజర్వుడు నియోజకవర్గంలో గత రెండు ఎన్నికల ఫారం 20 తీయండి. ఎన్నికల అధికారుల వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, లేకపోతే సమాచార హక్కు కింద అడగండి. పల్లె బూత్‌లన్నీ ఒక పక్క, ఊరి బూత్‌లన్నీ ఒక పక్క కూడండి. పల్లెలు ఎవరిని గెలిపించాయో, ఊళ్ళు ఎవరిని గెలిపించాయో తెలుస్తుంది. రెండూ ఒకరినే అయితే అదీ రాయండి, దాచకండి. ఒక జాగ్రత్త. ఈ కాగితం ఊరి పెద్ద దగ్గర ఎప్పుడూ ఉంటుంది, మన పల్లె తనకు వెయ్యలేదని తెలిసి కూలికి పిలవడం మానేసిన సంగతులు మీ అందరికీ ఎరుకే. కాబట్టి కూడిన లెక్క నియోజకవర్గం మొత్తానిది రాసుకోండి, పల్లె పేరు పెట్టి ఎక్కడా చదవొద్దు. వచ్చే తరగతికి ఒక్కో మండలం నుంచి కనీసం ఒక లెక్క రావాలి. కూడికలు రానివాళ్ళు కాలేజీ పిల్లలను వెంటబెట్టుకొని రండి.